నాలుగేళ్లుగా వాడుతున్న స్ప్రే ఫోమ్ మెషీన్: ఎక్కువసార్లు తప్పు డ్రమ్ములోనే

రెండు డ్రమ్ముల్లోని కెమికల్స్‌ని, అంటే ఐసో (ఐసోసైనేట్), రెసిన్ అనే రెండింటినీ, గన్‌లో కలిపి గోడ మీద ఫోమ్‌గా కొట్టే ఈ మెషీన్ కొని నాలుగేళ్లు దాటింది. పంపు సీళ్లు రెండుసార్లు, హోస్ ఒక ముక్క, గన్‌లో ఓ-రింగులు లెక్కలేనన్నిసార్లు మార్చాను. అయినా మెషీన్‌ని తిట్టుకోవడానికి పెద్దగా కారణం దొరకలేదు. పని ఆగిన రోజులు గుర్తు చేసుకుంటే ఎక్కువసార్లు తప్పు డ్రమ్ములోని కెమికల్‌ది. నిజం చెప్పాలంటే దాన్ని సరిగా చూసుకోని మాది.

మొదటి ఏడాది వానల్లో రెండు రోజులు పని ఆపాం. ఐసో డ్రమ్ము మూత ఎవరో ఒకరు బిగిస్తారులే అని అందరం అనుకున్నాం, ఎవరూ బిగించలేదు. మూడో రోజు స్ప్రే మొదలుపెట్టిన కాసేపటికే ఐసో గేజ్ ముల్లు కిందికి జారడం మొదలైంది. రెసిన్ గేజ్ మాత్రం ఉన్నచోటే ఉంది. గోడ మీద ఫోమ్ మెత్తగా, గ్లవ్‌కి అంటుకునేలా వచ్చింది. రెండూ సమాన పరిమాణంలో కలవాల్సిన చోట ఐసో తగ్గితే జరిగేది అదే. నేనేమో పంపు పోయిందనుకుని దాన్ని విప్పి కూర్చున్నాను. సగం రోజు అలా పోయింది. చివరికి పంపుకు ముందున్న జాలి తీసి చూస్తే దాని నిండా తెల్లటి గరుకు ముద్ద, తడి ఇసుకలా. వేళ్ల మధ్య నలిపినా నలగలేదు.

ఐసోకి నీళ్లు పడవు. గాలిలోని తేమ తగిలినా చాలు, గట్టి పాలీయూరియా నలకలు తయారవుతాయి, పక్కనే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఆ నలకలు వేడికి కరగవు, సాల్వెంట్‌కీ లొంగవు. జాలి మార్చాలి, లైను కడగాలి, డ్రమ్మును పక్కన పెట్టాలి. ఇంకో మాట: నీళ్లు పడ్డాయని అనుమానం ఉన్న డ్రమ్మును గట్టిగా మూసి ఉంచకండి. లోపల గ్యాస్ పెరిగి డ్రమ్ము ఉబ్బుతుంది, పగిలినా పగులుతుంది.

చిక్కబడటం వేరు, చెడిపోవడం వేరు. ఇది నా బుర్రకెక్కడానికి రెండో చలికాలం పట్టింది. ఈసారి పడిపోయింది రెసిన్ గేజ్. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ముల్లు దిగేది, వదిలితే మెల్లగా లేచేది. ఫోమ్ ముదురు రంగులో, బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా రాలేది. కెమికల్ పాడైందనుకుని డ్రమ్ము వెనక్కి పంపబోయాను. తీరా అది చల్లబడి చిక్కబడిందంతే, డ్రమ్ము నుంచి మెషీన్‌కి కెమికల్ పంపే ట్రాన్స్‌ఫర్ పంపు దాన్ని లాగలేకపోతోంది. గది వెచ్చగానే ఉంది కానీ డ్రమ్ము నడిమధ్య వెచ్చబడటానికి ఒక రాత్రి చాలదు. థర్మామీటర్ పెట్టాల్సింది గోడకి కాదు, కెమికల్‌లో. తొందరపడి హీటర్ బెల్టు ఫుల్‌లో పెట్టడం ఇంకా నష్టం. రెసిన్‌లో ఫోమ్‌ని పొంగించే బ్లోయింగ్ ఏజెంట్ ఆవిరైపోయి ఫోమ్ సరిగా పొంగదు. అదీ చేసి చూశాను లెండి.

ఇప్పుడు అనుమానం వస్తే ముందు మెషీన్ జోలికి పోను. గాజు సీసాలో కాస్త శాంపిల్ తీసి, మూత వదులుగా పెట్టి, వెచ్చని చోట పెడతాను. పల్చబడి తేటగా ఉంటే చలి పని. వెచ్చబడినా అడుగున నలకలు మిగిలితే, ఐసో అయితే నాకు తేమ మీదే అనుమానం. ఆ తర్వాత రెండూ సమానంగా కప్పులో పోసి పుల్లతో కలిపి, పొంగడం మొదలయ్యే టైమును డేటా షీటుతో పోల్చుకుంటాను. కప్పులో బాగా పొంగి గన్‌లో పొంగకపోతే అప్పుడు మెషీన్ విప్పుతాను. మాస్కు, గ్లవ్స్ లేకుండా మాత్రం ఇవేవీ చేయొద్దు. ఐసోకి ఒంట్లో ఒక్కసారి అలర్జీ మొదలైందంటే, ఆ తర్వాత కొద్దిగా పీల్చినా ఆయాసం పట్టుకుంటుంది.

మెషీన్‌లో నాకు బాగా నచ్చింది, రెండు వైపుల ప్రెషర్ మధ్య తేడా పెరిగితే తనంతట తాను ఆగిపోవడం. మొదట్లో చిరాకు పుట్టి ఆ హద్దు పెంచేశాను. ఒకసారి గన్‌లో రెండు కెమికల్స్‌ని విడిగా ఉంచే సైడ్ సీల్ గీసుకుపోయి రెసిన్ ఐసో వైపుకి దాటి గన్ లోపలే గట్టిపడింది. ఆ సాయంత్రమే హద్దు మళ్లీ తగ్గించాను. గన్ వాల్వులు వెంటనే మూశాను కాబట్టి హోస్ మిగిలింది. హోస్‌లో గట్టిపడితే ఇక కోసి పారేయడమే.

విడిగా కొన్న వస్తువుల్లో డ్రమ్ము మూతకు బిగించే తేమ పీల్చే డబ్బాకే పూర్తి మార్కులు. లోపలి గుళికల రంగు మారగానే డబ్బా మార్చేస్తున్నాను. అది పెట్టాక ఐసో జాలిలో ఆ తెల్ల ముద్ద మళ్లీ కనిపించలేదు.

లోటు ఒకటుంది, ఐసో పంపు ల్యూబ్ కప్పు (పంపు సీలును తడిపి ఉంచే నూనె కప్పు) పెట్టిన చోటు. అందులోని నూనె మసకబారినా, చిక్కబడినా సీలు దాటి ఐసో వస్తున్నట్టే, కాబట్టి రోజూ చూడాల్సిన కప్పు అది. దాన్ని తీసుకెళ్లి ప్యానెల్ వెనక కింద దాచారు. చూడాలంటే టార్చి పట్టుకుని మోకాళ్ల మీద కూర్చోవాలి. చివరికి చిన్న అద్దం ముక్కను వైరుకి కట్టి అక్కడ వేలాడదీశాను. ప్రస్తుతానికి దాంతోనే నడిపిస్తున్నాను.