ఉదయసముద్రం దొరికింది, ఉదయసముద్రానికి దొరకలేదు: ఫీడ్ రీడర్‌లో కొత్త సెర్చ్

పలు సైట్ల కొత్త వార్తలను ఒకేచోట చేర్చి చూపే, నేను రోజూ వాడే ఆన్‌లైన్ ఫీడ్ రీడర్‌లో నెల రోజుల కిందట సెర్చ్‌ను పూర్తిగా మార్చారు. ఇంతకుముందు శీర్షికల్లో మాత్రమే వెతకడానికి వీలుండేది. ఇప్పుడు ఎప్పుడో చదివి మరిచిపోయిన వార్తల లోపల కూడా వెతకవచ్చు, ఒక్క ఫోల్డర్‌కే పరిమితం కావచ్చు, అక్కరలేని మాట ముందు మైనస్ పెట్టి దాన్ని పక్కకు నెట్టవచ్చు. వెతకడమే వృత్తిగా గల గూగుల్ సైతం 2005లో మొదలైన తన రీడర్‌కు 2007 దాకా సెర్చ్ ఇవ్వలేదు. 2013 జూలై 1న అది మూతపడ్డాక రీడర్లు మారుస్తూ వచ్చిన నాబోటివారికి ఈ మార్పు చిన్నదేమీ కాదు.

నల్లగొండలో ఉంటూ సాగునీటి వార్తలు పోగుచేసుకోవడం నా అలవాటు. పానగల్ దగ్గరి జలాశయం కోసం 'ఉదయసముద్రం' అని కొట్టగానే ఫలితాలు వచ్చాయి గానీ, ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ నుంచి ఉదయసముద్రానికి నీళ్లు వదిలారని నేను చదివిన వార్త వాటిలో లేదు. పదం పదంగా సరిపోల్చే ఈ సెర్చ్‌కు, విభక్తి మాటకే అతుక్కుపోయే మన భాష సంగతి తెలియదు. చివర నక్షత్రం గుర్తు (*, ఆ తరువాత ఏ అక్షరాలున్నా సరేనని) పెడితే 'ఉదయసముద్రంలో' దొరికింది. 'ఉదయసముద్రానికి' అన్నప్పుడు సున్న పోయి దీర్ఘం వస్తుంది కనుక అది మాత్రం అప్పటికీ దొరకలేదు. సున్న తీసేసి, 'ఉదయసముద్ర' తరువాత నక్షత్రం పెట్టినప్పుడే అన్నీ కలిసి వచ్చాయి. ఇది కనుక్కోవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. సహాయం పేజీలో దీని ఊసే లేదు. 'నీళ్లు' అని వెతికితే 'నీటి' రాదు, అక్కడ నక్షత్రమూ ఆదుకోదు: 'నీ' దగ్గర పెడితే నీతి, నీలం, నీడ అన్నీ వచ్చిపడతాయి.

ఊళ్ల పేర్లదీ ఇదే తంటా. కొందరు నల్గొండ అంటారు, కొందరు నల్లగొండ. మహబూబ్‌నగర్‌లో 'బ' కింద న-వత్తు పడకుండా కొందరు కంటికి కనబడని అక్షరం పెడతారు, మరికొందరు ఖాళీ వదులుతారు, ఇంకొందరు వత్తుతోనే రాసేస్తారు. సెర్చ్ దృష్టిలో అవి మూడూ వేరువేరు.

చాలా పత్రికల ఫీడ్లలో శీర్షికా రెండు వాక్యాలూ తప్ప పూర్తి పాఠం ఉండదు కాబట్టి, లేనిది వెతకలేకపోవడం రీడర్ తప్పు కాదు.

అన్నిటికన్నా నచ్చింది సెర్చ్‌ను భద్రపరచుకునే సదుపాయం. ఒకసారి ఓపికగా కూర్చితే, ఆ తరువాత సరిపోలిన ప్రతి కొత్త వార్తా దానంతటదే అందులోకి చేరుతుంది. ఇది డబ్బు కట్టినవారికే. నేను ఏడాదికి కట్టాను. ఇప్పుడు నా సెర్చ్‌లో మహబూబ్‌నగర్ మూడు రూపాల్లో ఉంది, నాలుగోది పాలమూరు. తేదీల వరుసను మాత్రం ప్రతిసారీ మళ్లీ ఎంచుకోవలసి వస్తోంది. అదొక్కటి సరిచేస్తే వచ్చే ఏడాదికీ కడతాను.