ఉద్యోగం లేనప్పుడు లింక్డ్‌ఇన్ ఏమాత్రం అక్కరకొస్తుంది?

హైదరాబాద్ ఐటీలో ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు లింక్డ్‌ఇన్ గట్టిగానే పనికొస్తుంది, అదీ పైసా కట్టకుండా. కాకపోతే ఎక్కువమంది గంటల తరబడి నొక్కే ‘ఈజీ అప్లై’ (సైట్‌లోనే దరఖాస్తు పంపే బటన్) వల్ల వచ్చే లాభం చాలా తక్కువ. పాత సహోద్యోగులు ఇప్పుడు ఎక్కడున్నారో పట్టివ్వడంలో మాత్రం లింక్డ్‌ఇన్ బాగా పనికొస్తుంది.

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కంపెనీల్లో రిఫరల్, అంటే లోపల పనిచేసేవాళ్ల సిఫారసు, బలం తెలిసిందే. అందులో ఒక మెలిక ఉంది. మీరు ముందే అప్లై చేసేస్తే మీ మెయిల్, ఫోన్ నంబరు వాళ్ల సిస్టమ్‌లో పడిపోతాయి. ఆ తర్వాత లోపలివాళ్లు రిఫర్ చేసినా చాలా కంపెనీల్లో డూప్లికేట్ అని తిప్పికొడుతుంది, కొన్ని నెలలపాటు అంతే. కాబట్టి ముందు రిఫరల్ అడగండి, నాలుగైదు రోజులు చూసి దొరక్కపోతేనే అప్లై కొట్టండి.

కంపెనీ పేజీలో ‘పీపుల్’ నొక్కి, హైదరాబాద్, మీ కాలేజీ ఎంచుకుంటే తెలిసిన ముఖాలు బయటపడతాయి. ఉచిత ఖాతాలో కనెక్షన్ నోట్‌కు 200 అక్షరాలే, నెలకు కొన్నే. వాటిని ముఖ్యమైనవాళ్లకు దాచుకుని, మిగతావాళ్లకు నోట్ లేకుండా పంపండి. ఒప్పుకున్నాక మెసేజ్‌కు ఆ పరిమితి ఉండదు. పంపిన రిక్వెస్ట్ వెనక్కి తీసుకుంటే మాత్రం అదే మనిషికి మళ్లీ పంపడానికి మూడు వారాల దాకా ఆగాలి.

‘ఏదైనా ఓపెనింగ్ ఉంటే చెప్పన్నా’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు, వెతికే పని వాళ్లమీద పడుతుంది. ఇలా రాయండి: ‘అన్నా, బ్యాంకింగ్ ప్రాజెక్ట్‌లో మీ టీమ్‌లో టెస్టింగ్ చేశాను. మీ కంపెనీలో ఈ జాబ్ ఐడీకి సెలీనియం, జావా అడిగారు, రెండూ నాలుగేళ్లు చేశాను. ఇంకా అప్లై చేయలేదు. వీలైతే రిఫర్ చేస్తారా? రెజ్యూమే జతచేశాను, వెంటనే చేరగలను.’ వాళ్లు పోర్టల్‌లో ఎక్కించడమే తరువాయి.

ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పే ‘ఓపెన్ టు వర్క్’ పెట్టడానికి మొహమాటపడొద్దు. ఫోటో చుట్టూ ఆకుపచ్చ చట్రం ఇష్టం లేకపోతే రిక్రూటర్లకే కనిపించేలా పెట్టుకోవచ్చు. పేరు కింద వచ్చే హెడ్‌లైన్‌లో 220 అక్షరాలు పడతాయి. రిక్రూటర్లు వెతికేది స్కిల్ పేరుతో గనుక, ‘మంచి అవకాశం కోసం చూస్తున్నాను’ బదులు చేసే పని, టూల్స్ రాయండి.

డబ్బు కట్టే ప్రీమియం ఖాతా అవసరం లేదు. కనెక్షన్ లేనివాళ్లకూ పంపగలిగే ఇన్‌మెయిల్స్ చేతికొచ్చినా తెలియనివాళ్ల నుంచి జవాబు రావడం కష్టమే. ఉచిత నెల ఇస్తే వాడుకోండి, గడువుకు ముందే రద్దు చేయండి.

ప్రొఫైల్‌లో పాత కంపెనీని ‘ప్రెజెంట్’ అని వదిలేయకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకిచ్చే నంబరు) తీస్తే పీఎఫ్ రికార్డులో చేరిన తేదీ, మానేసిన తేదీ రెండూ కనిపిస్తాయి. లేని అనుభవం పెట్టిస్తామనే ‘కన్సల్టెన్సీ’లు దొరికిపోయేదీ అక్కడే. అలాంటివాళ్లు ఇన్‌బాక్స్‌లోకొచ్చి అడ్వాన్స్ అడిగితే రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేయండి.