నీళ్ల లెక్క సేవ: టేపు బాగుంది, మీటింగే తేలిపోయింది

యాసంగి నాట్లకు ముందు ఊరి వాన, బోర్ల మట్టం, వేయబోయే పంటలు లెక్కగట్టించే సేవ ఇది. 2003లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏవో) తోడ్పాటుతో మొదలై మహబూబ్‌నగర్, నల్లగొండ సహా 7 జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భజల పథకం పద్ధతే దీనికి మూలం. దేవరకొండ వైపు చెలక ఊళ్లలో ఒక స్వచ్ఛంద సంస్థ ఇస్తున్న కిట్టు, శిక్షణ గురించే ఈ రివ్యూ.

కిట్టులో అసలు సరుకు, బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచే సౌండర్ టేపు. కొసనున్న బరువు నీళ్లను తాకగానే మోగుతుంది. 15 రోజులకోసారి కొలవాలి. అయితే మోటరున్న బోరులో నేరుగా దింపితే కేబులుకు చుట్టుకుని అక్కడే ఇరుక్కుంటుంది. మోటరు దింపేటప్పుడే పక్కన ముప్పావించు పైపు ఒకటి వదిలితే ఆ బాధ ఉండదు. పైపొరల నుంచి నీళ్లు కారే బోరుల్లో ఆ తడికే మోగి మోసం చేస్తుంది. పైకి తీసి తుడిచి మళ్లీ దింపండి, రెండుసార్లూ ఒకే అంకె వస్తేనే రాయండి. నేలపైన తేలిన కేసింగు (బోరు పైపు) ఎత్తును తీసేయడం మరవొద్దు. 24 గంటల కరెంటుకు, మోటరును తనంతట తానే వేసే ఆటోస్టార్టరు తోడైతే బోరుకు తేరుకునే తీరికే ఉండదు, కాబట్టి కొలతకు వాడకంలో లేని బోరే మేలు.

బోరు ధార ఎంతంటే 'రెండించులు పోస్తుంది' అన్న మాటను శిక్షకులు ఒప్పుకోరు, డ్రమ్ముతో కొలవమంటారు; ఆ పట్టుదల మెచ్చదగ్గదే. 200 లీటర్ల డ్రమ్ము 80 సెకన్లలో నిండితే గంటకు 9,000 లీటర్లు. మోటరు వేసిన వెంటనే కొలిస్తే మాత్రం బోరులో నిలవున్న నీళ్లు ఆశ పుట్టిస్తాయి.

రెయిన్ గేజ్ దగ్గర మాత్రం అశ్రద్ధ. వేపచెట్టు కిందే పాతారు. చెట్టు ఎత్తుకు కనీసం రెండింతల దూరం ఉండాలి, ఉదయం 8:30కి చూడాలి.

ఇక లెక్క. ఎకరంపై ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,047 లీటర్లు. మన గ్రానైటు నేలల్లో ఇంకేది వానలో దాదాపు పదోవంతు. బంకమన్ను ఎక్కువుంటే ఇంకా తక్కువ. 1,000 ఎకరాల మీద 600 మిల్లీమీటర్లు కురిస్తే భూమిలోకి చేరేది 60 మిల్లీమీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్లు కావాలంటే అది 50 ఎకరాలకే సరి. మడిలోంచి మళ్లీ ఇంకేది కలిపితే, నీళ్లు బాగా లోతుకు పోయిన ఊళ్లో, 60 ఎకరాల పైచిలుకు. అదే 500 మిల్లీమీటర్లతో గడిచే పల్లి (వేరుశనగ) అయితే 120 ఎకరాలు. ఈ అంకెను గోడ మీద చూస్తే ఎవరికైనా గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది.

తప్పు జరిగేది ఆ తర్వాతే. లెక్కను ఊరివాళ్లతో చేయించకుండా లాప్‌టాప్‌లో కట్టి తెచ్చి ఊరి మీటింగులో చదువుతున్నారు. మీటింగుకు వచ్చేది బోర్లున్నవాళ్లు; కౌలుదారులు, ఎండాకాలం మంచినీళ్లకు తిప్పలుపడే ఆడవాళ్లు కనబడరు. పైగా లెక్క ఊరి పొలిమేర దగ్గర ఆగుతుంది, నీళ్లు ఆగవు కదా! వాగు ఎగువ ఊరు వరి వేసుకుంటే దిగువ ఊరు పల్లి వేసి ఏం లాభం?

తీసుకునేవాళ్లు ముందే మూడు అడగండి: వాగు పరీవాహకం (వాగులోకి నీళ్లు చేరే నేల) మొత్తానికి ఒకే లెక్క, మట్టాల పుస్తకం ఊరి దగ్గరే, టేపు పాడైతే ఎన్ని రోజుల్లో మారుస్తారో కాగితం మీద.