కావలి–నెల్లూరు సీజన్ టికెట్, పదకొండేళ్లు: రైలు జరిమానాల మీద నా సమీక్ష

ముందు నా తప్పే చెప్పుకుంటా. సీజన్ టికెట్ ఆదివారంతో అయిపోయింది. నాకేమో సోమవారం దాకా ఉందని గట్టి నమ్మకం. బిట్రగుంట దాటాక టీసీ వచ్చారు. కార్డు తీసి దర్జాగా చేతికిచ్చా. ఆయన తేదీ దగ్గర బొటనవేలు పెట్టి, ఏమీ అనకుండా నాకే తిప్పి చూపించారు. ఛార్జీ, దాని మీద 250 రూపాయలు. ఆయన కార్బన్ పేపరు సర్దుకుని రసీదు రాస్తున్నంతసేపూ, రోజూ నాతో కబుర్లు చెప్పేవాళ్లంతా కిటికీలోంచి తలమంచి ఊరి పొలాలు చూస్తూ కూర్చున్నారు.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. కావలి నుంచి నెల్లూరుకి 50 కిలోమీటర్ల పైచిలుకు. కరోనాలో రైళ్లు ఆగిన రోజులు తీసేస్తే రోజూ పోవడం, రావడం ఈ రైళ్లలోనే. ఆ 250 మంట మీదే మొదటిసారి రైల్వే చట్టం చదివా. 1989 నాటిది. అప్పటి నుంచి రైలు పెట్టెలో ఏ గొడవ జరిగినా ఏ సెక్షన్ కిందికి వస్తుందా అని చూసుకోవడం అలవాటైపోయింది. మా ఆఫీసులో నన్ను ‘లాయరమ్మ’ అంటారు, వెక్కిరింపుగానే.

టికెట్ విషయంలో మాత్రం ఈ చట్టానికి ఐదుకి నాలుగున్నర మార్కులు వేస్తా. నాలాంటి మతిమరుపు వాళ్లకి 138వ సెక్షన్: ఛార్జీ కట్టాలి, దానికి తోడు అంతే మొత్తమో 250 రూపాయలో, ఏది ఎక్కువైతే అది. ఈ 250 ఒకప్పుడు 50 ఉండేది, 2004లో పెంచారు. కావాలనే మోసం చేసి ఎక్కితే 137: ఆరు నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. మరిచిపోయినవాడికీ ఎగ్గొట్టేవాడికీ తేడా పెట్టారు గదా, అది నాకు నచ్చింది. ఎదురుగా ఉన్నవాడు ఏ రకమో టీసీలు మొహం చూసి పోల్చుకుంటారనుకుంటా.

అదే చట్టంలో ఎవరూ చెప్పుకోని మంచి ముక్క ఇంకొకటుంది. అది నాకు పుస్తకంలో కాదు, రాత్రి బండిలో తెలిసింది. నెల్లూరులో ఎక్కాం, పడుగుపాడు దాటింది. మూల సీట్లో ఒకామె, ఒళ్లో నిద్రపోతున్న పిల్లాడు. టికెట్ లేదు. సింగరాయకొండ పోవాలంట. కొంగు ముడి విప్పితే చిల్లరతో కలిపి అరవై రూపాయలు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి ఊరుకోడే! “కొడవలూరులో దించెయ్యండి సార్, లేకపోతే అలవాటు పడతారు” అన్నాడు.

టీసీ ఆయన వైపు చూసి, “ఎవరో చెప్పారని దించడానికి నాకు రూలు లేదబ్బయా” అన్నారు. తర్వాత వివరంగా చెప్పారు. మగతోడు లేకుండా వచ్చే ఆడమనిషిని గానీ పిల్లల్ని గానీ ఎక్కడబడితే అక్కడ దించకూడదు. ఎక్కిన స్టేషన్లో గానీ, జంక్షన్లో గానీ, చివరి స్టేషన్లో గానీ, జిల్లా కేంద్రంలో గానీ దించాలి. అదీ పగటిపూటే. ఇంటికొచ్చి చూస్తే నిజమే, 139వ సెక్షన్. మా లైను మీద దాన్ని వేసి చూడండి: నెల్లూరు వదిలాక కొడవలూరు, తలమంచి, అల్లూరు రోడ్డు, బిట్రగుంట, కావలి, ఏవీ పనికిరావు. మళ్లీ జిల్లా కేంద్రమంటే ఒంగోలే. అక్కడికి పోయేసరికి రాత్రి. అంటే ఆ బండిలో ఆమెని దించే చోటే లేదు. డబ్బులు మేం తలా ఇంత వేసుకున్నాం. ‘దించెయ్యండి’ అన్న పెద్దమనిషి కూడా యాభై ఇచ్చాడు, అది కూడా చెప్పాలి.

గొలుసు సంగతికొస్తే కోపం ఆగదు. మా బండి ఆగని చిన్న స్టేషన్ వస్తుంటే, ఇంటికి దగ్గరవుతుందని గొలుసు లాగేవాళ్లు ఉన్నారు. లాగితే బ్రేకు గొట్టంలో గాలి పోతుంది, చక్రాలు పట్టేసుకుంటాయి. ఏ పెట్టెలో లాగారో రైలు సిబ్బంది వెతుక్కుంటూ వచ్చి, దాన్ని చేత్తో మళ్లీ సరిచేస్తే గానీ బండి కదలదు. ఒకసారి కాలేజీ కుర్రాడొకడు లాగి, కంకర మీద దూకి, చెప్పు ఒకటి వదిలేసి పొలాలకి అడ్డంపడి పరుగు తీశాడు. మేం పావుగంట ఆ చెప్పుని చూస్తూ కూర్చున్నాం. సరైన కారణం లేకుండా లాగితే 141 కింద ఏడాది దాకా జైలు, లేదా 1,000 దాకా జరిమానా, లేదంటే రెండూ. ఆ ‘సరైన కారణం’ అన్న మాట ఊరికే పెట్టలేదు. ఇంకోసారి ముసలామె కావలి ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయిందని కోడలు లాగింది. గార్డు వచ్చి విన్నాడు, ముసలామెని ఎక్కించాడు, వెళ్లిపోయాడు. ఎవరికీ ఫైన్ లేదు, ఉండకూడదు కూడా.

బీడీ, సిగరెట్ తాగితే 167 కింద 100 రూపాయల దాకా. టీకి పది రూపాయలు పెడుతున్న రోజుల్లో ఆ వంద ఎవర్ని ఆపుతుంది? ఉమ్మితే, చెత్త వేస్తే 500 దాకా అని 2012 రూల్స్‌లో ఉంది. శనక్కాయ తొక్కలకి ఎవరన్నా కట్టగా నేను ఈ కళ్లతో చూడలేదు.

తాగుబోతుల దగ్గర మాత్రం చట్టం పనిచేయగా చూశాను. సాయంత్రం ఒకడు ఊగుతూ ఆడవాళ్ల పెట్టెలో ఎక్కి, సీటు మీద బారుగా పడుకున్నాడు. తాగి రభస చేస్తే 145: ఆరు నెలల దాకా జైలు, 500 దాకా జరిమానా. ఆడవాళ్ల పెట్టెలో దూరినందుకు 162 కింద ఇంకో 500 దాకా, టికెట్ కూడా పోతుంది. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేశా. బండి నంబరు అడిగారు, పెట్టె ఇంజన్ నుంచి ఎన్నోదో అడిగారు. కావలిలో ఇద్దరు కానిస్టేబుళ్లు నిలబడి ఉన్నారు. చెరో భుజం పట్టుకుని దించారు. (139 నంబరుకీ 139వ సెక్షన్‌కీ సంబంధం లేదు. నేను కూడా కొన్నాళ్లు ఉందనే అనుకున్నా.)

మరి అదే పెట్టెలో భార్యకి తోడని రోజూ ఎక్కే ఒకాయన ఉన్నాడు. మర్యాదస్తుడే, తలొంచుకుని పేపరు చదువుకుంటాడు. ఆయనకీ అదే 162 కదా? ఒక్కరం ఫోన్ చేయలేదు. తాగినవాడు మళ్లీ కనబడడు, ఈయన రేపు పొద్దున కనబడతాడు, “బాగున్నారా” అంటాడు. పదకొండేళ్లలో నాకు అర్థమైన లోపం ఇదే. టికెట్ సంగతి టీసీ చూసుకుంటారు. మిగతాదంతా మేం చెబితేనే కదులుతుంది, మేమేమో ముక్కూ మొహం తెలియనివాళ్ల మీదే చెబుతాం.

మేం మాత్రం తక్కువ తిన్నామా? సీజన్ వాళ్లకి కర్చీఫ్ అనే సెక్షన్ ఒకటుంది. కావలిలో ఎక్కినవాళ్లం బిట్రగుంటలో ఎక్కేవాళ్లకి సీటు పట్టాలి. రిజర్వేషన్ లేని పెట్టెలోకి ఎవర్నన్నా ఎక్కనివ్వకుండా అడ్డుకుంటే 155 కింద 200 దాకా జరిమానా రాసుంది గానీ, సీటు మీద కర్చీఫ్ గురించి ఒక్క ముక్క లేదు.

మొన్న వేసవిలో నా పక్కన అట్నే కర్చీఫ్ వేశా. చేతిసంచితో ఒక పెద్దాయన వచ్చి, “ఇక్కడ ఎవరన్నా ఉన్నారా అమ్మా?” అన్నాడు. “వస్తారు” అన్నా. బిట్రగుంట వచ్చింది, నేను సీటు పట్టిన ఆమె ఎక్కలేదు. వేరే పెట్టెలో ఎక్కిందేమో, నడుచుకుంటూ వస్తుందేమో అనుకున్నా. ఫోన్ చేస్తే కలవదు. కొడవలూరు దాటాక మెసేజ్ వచ్చింది, ఇవాళ సెలవంట. కర్చీఫ్ తీసి మడిచి, తలుపు దగ్గర నిలబడ్డ ఆయన్ని పిలిచా, “రండి పెద్దాయనా, కూర్చోండి” అని.

“వద్దులేమ్మా, పెన్న బ్రిడ్జి వచ్చేసింది, ఇంక నెల్లూరే గదా” అన్నాడు.