ఇండస్ట్రియల్ డిజైన్‌లో ఎం.డెస్.: రెండేళ్లు పెడితే చేతికేం వస్తుంది?

బీటెక్ మెకానికల్ పూర్తిచేసి డిజైన్ వైపు చూస్తున్నవాళ్లకు ముందుగానే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఎం.డెస్. (మాస్టర్ ఆఫ్ డిజైన్) కోర్సు విలువంతా వర్క్‌షాప్‌లోనూ, విద్యార్థి పనిని ముందుపెట్టుకుని ప్రశ్నించే జ్యూరీ గదిలోనూ ఉంది. రైనో, సాలిడ్‌వర్క్స్, కీషాట్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవడానికే అయితే దీనికోసం రెండేళ్లు ఖర్చుచేయక్కర్లేదు, ఓపికుంటే ఇంట్లో కూర్చునే పట్టు సాధించొచ్చు. రూపంలో లోపాన్ని పట్టే కన్ను మాత్రం అలా రాదు. అందుకు దుమ్ములో పనిచేయాలి, చేసినదాన్ని నలుగురి ముందు పెట్టి మాటలు పడాలి.

మన దేశంలో ఈ చదువుకు పాత చిరునామాలు రెండు. అహ్మదాబాద్‌లోని ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) 1961లో మొదలైంది, ఐఐటీ బాంబేలోని డిజైన్ విభాగం ఐడీసీ 1969లో. ఐడీసీని నిలబెట్టిన సుధాకర్ నాద్కర్ణి జర్మనీలోని ఉల్మ్ డిజైన్ స్కూల్‌లో చదివి వచ్చినవారు. గణితం, కొలత, ఎర్గోనామిక్స్‌తో (మనిషి శరీరానికి వస్తువు అమరేలా చూసే శాస్త్రంతో) డిజైన్‌ను కలిపి నేర్పే ఉల్మ్ పద్ధతి ఛాయలు ఈ రెండు చోట్లా పాఠాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఐఐటీ ఢిల్లీలోనూ బెంగళూరు ఐఐఎస్‌సీలోనూ ఇదే దారిలో ఎం.డెస్. ఉంది. ఐఐటీల్లో కోర్సు రెండేళ్లు, ఎన్‌ఐడీలో రెండున్నరేళ్లు. ఇంటర్ తర్వాతే ఈ దారి పట్టాలనుకునేవాళ్లకు అమరావతి ప్రాంతంలోని ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో ఇండస్ట్రియల్ డిజైన్ బీ.డెస్. (డిజైన్‌లో డిగ్రీ) ఉంది.

ఐఐటీల ఎం.డెస్.కు సీడ్ (సీఈఈడీ) అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఎన్‌ఐడీ పరీక్ష వేరు. సీడ్‌లో కంప్యూటర్ మీద రాసే పార్ట్ ఎ గట్టెక్కితేనే, కాగితం మీద గీసిన పార్ట్ బి దిద్దుతారు. తుది స్కోరులో పార్ట్ బి వాటా 75 శాతం. గేట్ అలవాటున్న ఇంజనీర్లు పార్ట్ ఎ లెక్కల మీదే నెలలు గడిపి, చేత్తో గీయడం చివర్లో చూసుకుందామనుకుంటారు. మార్కులు పోయేది అక్కడే. రోజూ అరగంట పాటు వంటింటి గిన్నెల్నీ వాటి మూతల్నీ వేరువేరు కోణాల్లోంచి గీస్తే దీర్ఘవృత్తాలు చేతికొస్తాయి. గుండ్రటి గిన్నె అంచు ఎక్కడా మొన తేలకుండా గీయగలిగితే పర్‌స్పెక్టివ్, అంటే వస్తువును కంటికి కనిపించే తీరులో గీయడం, సగం వచ్చినట్టే.

సీటు వచ్చాక మొదటి సెమిస్టర్‌లో ఎక్కువ సమయం తినేది రూపాభ్యాసం, అంటే ఆకారాల్ని చేత్తో చేసి నేర్చుకోవడం. బయటివాళ్లకిది చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది, నిజానికి కోర్సులో మిగతావన్నీ దీనిమీదే నిలబడతాయి. ఉదాహరణకు అంచుల వ్యాసార్థాల అభ్యాసం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో సుమారు 10 సెంటీమీటర్ల ఘనం పోస్తారు. ఒకే మూలలో కలిసే మూడు అంచుల్ని మూడు వేరువేరు వ్యాసార్థాలతో, అంటే 30, 15, 5 మిల్లీమీటర్లతో గుండ్రం చేయాలి. ఆ మూల దగ్గర మూడూ ఒకదాంట్లోంచి ఒకటి సాఫీగా జారాలి. ముందు పెద్ద వ్యాసార్థం, ఆ తర్వాత మధ్యది, చివర చిన్నది. తలకిందులుగా మొదలుపెడితే పెద్దది వచ్చి చిన్నదాన్ని తినేస్తుంది, మూల దగ్గర ఎటూ కాని గుంట మిగులుతుంది. క్యాడ్‌లో (కంప్యూటర్ మీద గీసే సాఫ్ట్‌వేర్‌లో) అంచుల్ని గుండ్రం చేసే ఫిల్లెట్ కమాండ్ ఎర్రగా మారి మొండికేసేది చాలాసార్లు ఈ వరుస తప్పినందుకే. ప్లాస్టర్ మీద చేసినవాళ్లకు దాని కారణం తెలుసు, బటన్ మాత్రమే నొక్కినవాళ్లకు తెలియదు.

ప్లాస్టర్ పోయడంలోనూ వరస ఉంది. నీళ్లలో ప్లాస్టర్ చల్లాలి. ప్లాస్టర్ మీద నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. బరువులో 10 వంతుల ప్లాస్టర్‌కు సుమారు 7 వంతుల నీళ్లు. చల్లాక ఒకటి రెండు నిమిషాలు నాననిచ్చి, చెయ్యి అడుగునే ఉంచి నెమ్మదిగా కలపాలి. గిలక్కొడితే గాలి బుడగలు చేరి, తర్వాత రుద్దుతున్నప్పుడు ఒక్కొక్కటే గుంటగా తేలతాయి. గట్టిపడేటప్పుడు ముద్ద వేడెక్కుతుంది. అంతకు కాస్త ముందే, పన్నీరులా కోతకు లొంగే స్థితిలో పెద్ద చెక్కుడంతా ముగించాలి. ఎండిన ముక్కకు అతుకు వేయాల్సి వస్తే ముందు దాన్ని బాగా తడపాలి. లేకపోతే పొడి ప్లాస్టర్ కొత్త ముద్దలోని నీళ్లు పీల్చేసి అతుకు పొరలా ఊడివస్తుంది.

రుద్దేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఎమరీ కాగితాన్ని వేళ్లకు చుట్టుకోవడం. వేళ్ల కింద ఒత్తిడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడి ఉపరితలం అలలు తేలుతుంది. కాగితాన్ని చదునైన చెక్కముక్కకు చుట్టి 120తో మొదలుపెట్టి 220, 400కు వెళ్లాలి. మధ్యలో పెన్సిల్ పొడి పలచగా రాసి మళ్లీ రుద్దితే ఎత్తులు తెల్లబడతాయి, పల్లాల్లో నలుపు నిలుస్తుంది. తర్వాత ట్యూబ్‌లైట్ పక్కగా పెట్టి చూడాలి. పూర్తి చదునుగా ఉన్న పెద్ద ముఖం కంటికి లోపలికి కుంగినట్టు కనిపిస్తుంది. ఫ్రిజ్ తలుపులకూ కారు బానెట్లకూ కొద్దిగా ఉబ్బు ఇవ్వడానికి ఇదో కారణం. చదును ముఖం నేరుగా వంపులోకి తిరిగే చోట, స్పర్శరేఖ కలిసినా, వెలుగు గీత టక్కున విరుగుతుంది. వంపు క్రమంగా పెరుగుతూ కలిస్తే గీత విరగదు. క్యాడ్‌లో జీ1, జీ2 అని పిలిచే తేడా ఇదే. దీన్ని ఒకసారి కంటితో చూసినవాళ్లు ఆ తర్వాత ఏ మిక్సీని చూసినా ముందు వెలుగు గీతల్నే వెతుకుతారు.

పీయూ (పాలీయురేథేన్) ఫోమ్, ఎండీఎఫ్ (చెక్కపొట్టు నొక్కి చేసిన పలక), థర్మోకోల్ మోడళ్లు ఆ తర్వాత వస్తాయి. థర్మోకోల్ మీద నేరుగా స్ప్రే పెయింట్ కొడితే అందులోని సాల్వెంట్ దాన్ని కరిగించేస్తుంది. ఎండీఎఫ్ కోసిన అంచు పెయింట్ పీల్చుకుని గరుకు తేలుతుంది, ముందు సీలర్ పట్టించాలి. జ్యూరీకి ముందురోజు రాత్రి ఏటా ఎవరో ఒకరు ఈ రెండింట్లో దేనికో బలవుతారు.

ఎర్గోనామిక్స్ పాఠం మన విద్యార్థులకు గట్టిగా పనికొస్తుంది. దేబ్‌కుమార్ చక్రవర్తి సేకరించిన భారతీయుల శరీర కొలతల్ని ఎన్‌ఐడీ 1997లో పట్టికలుగా తెచ్చింది. విదేశీ పట్టికలు పట్టుకుని గీసిన కుర్చీ మనవాళ్ల కాళ్లు నేలకందకుండా చేస్తుంది కాబట్టి ఈ పట్టికలు చేతిలో ఉండాలి. వాడే సూత్రం చిన్నది. చెయ్యి అందాల్సినచోట పొట్టివాళ్లను, అంటే 5వ పర్సెంటైల్ స్త్రీ కొలతను (నూటికి ఐదుగురు స్త్రీలే అంతకంటే తక్కువ ఉండే కొలతను) చూడాలి. ఒళ్లు పట్టాల్సినచోట 95వ పర్సెంటైల్ పురుషుడి కొలత చూడాలి. సగటు మనిషి కోసం గీస్తే అటు పొట్టివాళ్లకూ ఇటు పొడుగువాళ్లకూ కుదరదు. ఇంకో తప్పు లెక్కల్లో బాగా చురుకైనవాళ్లే చేస్తారు. కాలి 95వ పర్సెంటైల్, మొండెం 95వ పర్సెంటైల్, తల 95వ పర్సెంటైల్ కూడితే ఎత్తులో 95వ పర్సెంటైల్ వస్తుందనుకోవడం. రాదు. పొడుగు కాళ్లున్నవాళ్లందరికీ మొండెం అంతే పొడుగ్గా ఉండదు, కూడితే దాదాపు ఎవరూ లేనంత ఎత్తు తేలుతుంది. అందుకే కొలతలు రాసుకున్నాక అట్టముక్కలతో నిలువెత్తు మాకప్ (నమూనా) కట్టి, నిజమైన మనుషుల్ని కూర్చోబెట్టి చూడమంటారు.

నా లెక్కలో చాలా చోట్ల ఈ కోర్సు సన్నగా ఉండేది తయారీ విషయంలో. పాఠం ఉంటుంది, ఒక ఫ్యాక్టరీ సందర్శన ఉంటుంది, అక్కడితో సరి. త్రీడీ ప్రింటర్ చేతికొచ్చాక ఇది మరీ పలచబడింది. ప్రింటర్ ఏ ఆకారాన్నైనా ఇచ్చేస్తుంది, కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి ఎక్కించే ఇంజెక్షన్ మౌల్డింగ్ ఇవ్వదు. ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేసే భాగానికి గోడ మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లు, అంతటా ఒకేలా ఉండాలి. బలం కోసం లోపల పెట్టే రిబ్ (పట్టీ) మందం గోడ మందంలో 50 నుంచి 60 శాతం దాటితే అక్కడ ప్లాస్టిక్ ఆలస్యంగా చల్లారి, బయటి ముఖం మీద గుంట పడుతుంది. అచ్చులోంచి ఊడి రావడానికి గోడలకు కనీసం 1 డిగ్రీ వాలు కావాలి. పైన గరుకు టెక్స్‌చర్ ఉంటే ఇంకా ఎక్కువ, లేకపోతే బయటికి లాగేటప్పుడు ఉపరితలం గీసుకుపోతుంది. పక్కకు పొడుచుకొచ్చిన కొక్కెం ఒక్కటి చాలు, అచ్చులో పక్కకు జరిగే స్లైడర్ పెట్టాల్సి వచ్చి ఖర్చు పెరుగుతుంది. పదార్థం మార్చినా చిక్కే. ఏబీఎస్ 0.4 నుంచి 0.7 శాతం వరకు కుంచించుకుంటే, పాలీప్రొపిలీన్ (పీపీ) 1 నుంచి 2.5 శాతం వరకు కుంచించుకుంటుంది. ఏబీఎస్ కోసం కోసిన అచ్చులో పీపీ పోస్తే 100 మిల్లీమీటర్ల మూత డబ్బాకు బిగవదు.

ఈ లోటు పూడ్చుకోవడానికి చవకైన దారి విప్పదీత. పాడైపోయిన టేబుల్‌టాప్ వెట్ గ్రైండర్ ఒకటి పాత సామాన్ల కొట్లో కొనండి. ప్రతి మరనూ తీసిన వరసలో ఫోటో తీసి, ఒక్కో భాగాన్ని తూచి, పదార్థం, తయారీ పద్ధతి, అలా ఎందుకు చేశారన్న ఊహ, ఈ మూడూ పట్టికలో రాయండి. ప్లాస్టిక్ భాగం లోపలివైపు సన్నని గుండ్రటి మచ్చలుంటాయి, అవి అచ్చులోంచి తోసిన పిన్నుల గుర్తులు. చుట్టూ వెంట్రుకంత గీత అచ్చు రెండు సగాలూ కలిసిన చోటు. గుబ్బలాంటి చిన్న మచ్చ ప్లాస్టిక్ లోపలికి దూరిన ద్వారం. ఈ మూడు గుర్తులూ బయటికి కనిపించకుండా ఎక్కడ దాచారో గమనిస్తే పుస్తకంలో లేని పాఠం దొరుకుతుంది. ఆ గ్రైండర్ డ్రమ్ము రాళ్లతో పిండితో కలిపి ఎంత బరువుందో, తడిచేతులతో దాన్ని ఎక్కడ పట్టుకుంటారో కూడా రాసుకుంటే ప్రాజెక్టు విషయం అందులోనే ఉంటుంది.

ప్రాజెక్టుల్లో నేర్చుకునే అసలు సంగతి, వస్తువు పైతొడుగు గీయడానికి ముందు అది నడిచే వ్యవస్థను అర్థం చేసుకోవడం. దీనికి ఈవీఎం కంటే మంచి నమూనా నాకు కనిపించలేదు. దాని రూపకల్పన ఐడీసీ అధ్యాపకులు ఏ.జి. రావు, రవి పూవయ్యలది. తయారుచేసేది బెంగళూరులోని బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్), మన హైదరాబాద్ ఈసీఐఎల్. ఓటరు ముందు బ్యాలెట్ యూనిట్, అధికారి ముందు కంట్రోల్ యూనిట్, మధ్యలో 5 మీటర్ల కేబుల్. అధికారి తన బటన్ నొక్కి అనుమతిస్తే ఒక్క ఓటే పడుతుంది. పోలింగ్ ముగిశాక క్లోజ్ బటన్ నొక్కితే ఇక ఓటు పడదు. ఫలితం బటన్ లోపలి మూత కింద సీలులో ఉంటుంది, క్లోజ్ నొక్కకుండా పనిచేయదు. తప్పుడు వరుసలో నొక్కాలన్నా కుదరని అమరిక అది. అక్షరం రానివాళ్లు కూడా గుర్తు పక్కన బటన్ నొక్కి, వెలిగిన ఎర్రదీపం చూసి, బీప్ విని ఓటు పడిందని తెలుసుకుంటారు. ఒక యూనిట్‌లో 16 మందికి చోటు. 2019 నిజామాబాద్ లోక్‌సభ ఎన్నికలో రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయడంతో 185 మంది బరిలో నిలిచారు. అప్పుడు 12 యూనిట్లను కలిపి పోలింగ్ జరిపారు. ఎం3 రకం యంత్రం అన్నిటిని కలుపుకోగలగడం వల్లే అది కుదిరింది. విడిభాగాల్ని ఒకదానికొకటి తగిలించేలా గీయాలని తరగతిలో ఎందుకు పోరుతారో దీన్ని చూస్తే తెలుస్తుంది.

జ్యూరీ గురించి కొంచెం. ఏ గీతనైనా చూపి ఇదెందుకు ఇలా ఉందని అడుగుతారు. బాగుంటుందని పెట్టాను అనే జవాబు నిలవదు. ఇంజనీరింగ్ నుంచి వచ్చినవాళ్లకు మొదటి ఆర్నెల్లు ఇది కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ జవాబు ఒకటే. ఇక్కడ ఇరవై స్కెచ్‌లు గీసి పంతొమ్మిది ఎందుకు వదిలేశారో చెప్పాలి. ఈ అలవాటు పట్టినవాళ్లకు ఉద్యోగంలో మార్కెటింగ్‌వాళ్లతోనూ అచ్చులు కోసేవాళ్లతోనూ మాట్లాడటం తేలికవుతుంది. అంత ఫీజు కట్టి ఇది మాత్రం కొనుక్కున్నా దండగ కాదని నా నమ్మకం.

ఈ చదువు అందరికీ కాదు. కంప్యూటర్‌లో రెండర్ చేసిన బొమ్మలంటేనే ఇష్టమైతే, చేతులకు మట్టి అంటడం నచ్చకపోతే, ఇంకేదైనా చూసుకోవడం మేలు. యాప్‌లూ తెరలూ ఇష్టమైనవాళ్లకు ఇంటరాక్షన్ డిజైన్ విడిగా ఉంది, ఉద్యోగాలు కూడా అటే ఎక్కువ.

సీటు ఒప్పుకునే ముందు క్యాంపస్‌కు వెళ్లి చూడండి. వర్క్‌షాప్ రాత్రి ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది, లేత్ దగ్గరా వెల్డింగ్ దగ్గరా చెయ్యి పట్టి నేర్పే టెక్నీషియన్లు ఎందరున్నారు అని అడగండి. బెంచీల మీద దుమ్మూ సగం చేసిన మోడళ్లూ కనిపిస్తే మంచి సూచన. అద్దాల అల్మారాలో మెరిసే మోడళ్లు మాత్రమే ఉంటే సీనియర్లను పక్కకు పిలిచి మాట్లాడండి. ఆఖరి ప్రాజెక్టును కంపెనీతో చేసే చోట గోప్యతా ఒప్పందం సంగతి ముందే తేల్చుకోండి. ఒప్పందం గట్టిదైతే నెలల తరబడి చేసిన పని పోర్ట్‌ఫోలియోలో పెట్టడానికి వీలుండదు. ఏయే ఫోటోలు, ఏయే స్కెచ్‌లు చూపించుకోవచ్చో ప్రాజెక్టు మొదలయ్యే వారంలోనే కంపెనీ చేత కాగితం మీద రాయించుకోవాలి.