జెట్‌లో వాటా కొనేవాళ్లకు హెచ్చరిక: 50 గంటలంటే 50 గంటలు కాదు

ముందే చెప్పేస్తున్నా, మమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. అన్నీ ఒప్పందంలో రాసే ఉన్నాయి, కింద సంతకమూ మాదే. అయినా ఐదేళ్లలో పోయిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. కంపెనీ పేరు రాయను. ఇలాంటి ఒప్పందం రాయించుకునేది వాళ్లొక్కరే కాదు, పేరు చూసి తప్పించుకుందామంటే ఇంకో పేరు దగ్గర దొరికిపోతారు. కాబట్టి షరతులే చెబుతాను.

మా సంస్థలో ఖర్చుల లెక్కలు చూసేది నేనే. మా ఎండీ గారు ఏడాదికి పాతిక సార్లు ఒక ఫ్యాక్టరీ నుంచి ఇంకో ఫ్యాక్టరీకి వెళ్లి, అదే రోజు తిరిగొస్తారు. ఒక్కో వైపు గాల్లో ఉండేది 40 నిమిషాలు. మామూలు ఎయిర్‌లైన్స్‌కి ఆ రెండు ఊళ్ల మధ్య నేరుగా సర్వీసు లేదు, మారి వెళ్లాలంటే రెండు రోజులు పోతాయి. అందుకని జెట్ చార్టర్ చేసేవాళ్లం, అంటే ఆ ప్రయాణం వరకు మొత్తం విమానం అద్దెకు తీసుకునేవాళ్లం. ఒక రోజు పొద్దున ఆరింటికి వెళ్తే, బుక్ చేసిన జెట్ బదులు రెండు ప్రొపెల్లర్ల పాత విమానం నిలబడి ఉంది. విమానం కుదిర్చిన బ్రోకర్‌కి ఫోన్ చేస్తే, ‘సమానమైన విమానం’ ఇవ్వొచ్చని కాగితంలో ఉంది కదా సార్ అన్నాడు. నిజమే, ఉంది. ప్రొపెల్లరయినా భద్రంగానే వెళ్లొచ్చారు, అది వేరే సంగతి. కానీ దిగాక ఎండీ గారు, “మనదంటూ ఒకటి ఉంటే ఈ టెన్షన్ ఉండదయ్యా” అన్నారు. ఆ ఒక్క మాటకు మేం కట్టిన ఖరీదే ఈ కథంతా.

సొంతానికి ఒకటి కొనేంత తిరుగుడు మాకు లేదని నాకూ తెలుసు. దాంతో మధ్యేమార్గంగా వాటా కనిపించింది. ఈ పద్ధతి 1986లో అమెరికాలో నెట్‌జెట్స్ పేరుతో మొదలైంది, తర్వాత చాలామంది పట్టుకున్నారు. ఒక విమానం ఏడాదికి 800 గంటలు ఎగురుతుందని లెక్కేసి దాన్ని ముక్కలు చేసి అమ్ముతారు. పదహారో వంతు కొంటే ఏడాదికి 50 గంటలు, ఎనిమిదో వంతు కొంటే 100 గంటలు. పైలట్లు, హ్యాంగర్, ఇన్సూరెన్స్, మరమ్మతులు అన్నీ వాళ్లే చూసుకుంటారు. మేం పదహారో వంతు తీసుకున్నాం. గాల్లో ఉండేది ఏడాదికి 33 గంటలు, వస్తున్నవి 50, ఇంకా పదిహేడు గంటలు మిగులుతాయి, వాటితో దూర ప్రయాణాలు చేసుకోవచ్చని నేనే ఎక్సెల్ షీట్ వేసి ఎండీ గారికి చూపించాను. ఆ షీట్ ఇంకా నా దగ్గర ఉంది, చూస్తే సిగ్గేస్తుంది.

మొదటి ఏడాది పదకొండో నెలకే గంటలు దాదాపు అయిపోయాయి. మిగులు సంగతి దేవుడెరుగు.

ఎలాగంటే, ప్రతి ప్రయాణానికీ టాక్సీ టైమ్ కింద, అంటే విమానం నేల మీద కదిలే సమయం కింద, 12 నిమిషాలు కలుపుతారు, బయల్దేరే చోట ఆరు, దిగే చోట ఆరు. రన్‌వే దాకా నిజంగా రెండు నిమిషాలే పట్టినా ఆరే. మా 40 నిమిషాలు అలా 52 అయ్యాయి. దాని మీద ప్రతి ప్రయాణానికి కనీసం గంట బిల్లు అన్న షరతు ఇంకొకటి ఉంది. అంటే 52 కాస్తా 60. పాతిక సార్లు వెళ్లి రావడం అంటే యాభై ప్రయాణాలు, యాభై గంటలూ హరీ. గాల్లో గడిపింది మాత్రం 33 గంటల 20 నిమిషాలు. అమ్మేటప్పుడు చెప్పిన గంట రేటుకు మేం నిజంగా కట్టింది ఒకటిన్నర రెట్లు. ఒకసారి వేరే పని మీద పెద్ద జెట్ అడిగాం, అది కూడా మీ వాటాలోనే ఇస్తామని ముందు చెప్పారు మరి. ఇచ్చారు, కానీ దాని ఒక గంటకు మా ఖాతాలోంచి 1.6 గంటలు తీసుకున్నారు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. చార్టర్‌లోనూ కనీస బిల్లు ఉంటుంది, మామూలుగా రోజుకు రెండు గంటలు. ఆ లెక్కన పాతిక రోజులకు అక్కడా మాకు పడేది 50 గంటలే. తేడా ఏమిటంటే అక్కడ ముందు పెట్టుబడి పెట్టక్కర్లేదు, ఇంట్లో కూర్చున్న నెలకు ఫీజు కట్టక్కర్లేదు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడాల్సింది సంతకానికి ముందు. నేను చూసింది పదకొండు నెలల తర్వాత.

వాటా అనగానే అందరూ కొనే ధర దగ్గర బేరమాడతారు. అది ఒక్కసారి కట్టేది. నెలనెలా వచ్చేది మేనేజ్‌మెంట్ ఫీజు, ఎగిరినా ఎగరకపోయినా కట్టాలి, ఏటా పెరుగుతుంది కూడా. ఎగిరిన ప్రతి గంటకూ మళ్లీ గంట ఛార్జీ, దాని మీద ఇంధనం సర్‌ఛార్జీ. మా ఒప్పందంలో ఏటా ఫీజు పెంపుకు పరిమితి ఉంది గానీ ఇంధనం సర్‌ఛార్జీకి లేదు. చమురు ధర ఎక్కిన ఏడాది నెల బిల్లు చూసి ఎండీ గారు నన్ను క్యాబిన్‌లోకి పిలిచి తలుపు వేసుకోమన్నారు.

‘పీక్ డేస్’ జాబితా అని అనుబంధంలో ఒక కాగితం ఉంటుంది. పండగలు, పొడుగు వారాంతాలు, అందరూ ప్రయాణాలు పెట్టుకునే రోజులు. మామూలు రోజుల్లో పది గంటల ముందు చెబితే చాలు. జాబితాలో ఉన్న రోజుల్లో ఐదు రోజుల ముందు చెప్పాలి, పైగా బయల్దేరే టైమ్ మూడు గంటలు అటూ ఇటూ జరిపే హక్కు వాళ్లది. ‘మనదంటూ ఒకటి’ అనుకున్నది ఇలాంటి రోజుల కోసమే కదా!

అసలు మన విమానం అన్న మాటే సగం భ్రమ. కాగితం మీద ఫలానా రిజిస్ట్రేషన్ నంబరు విమానంలో మాకు వాటా ఉంది. వచ్చేది మాత్రం ఆ సమయానికి దగ్గర్లో ఏది ఉంటే అది. ఐదేళ్లలో మా నంబరు విమానం మేం ఎక్కింది రెండే రెండుసార్లు. (ఇది తప్పని అనను, అలా తిప్పకపోతే ఈ వ్యాపారమే నడవదు. కానీ దాన్ని సొంతం అని అమ్మకూడదు.)

అసలు దెబ్బ బయటికొచ్చేటప్పుడు తగిలింది. గడువు తీరాక వాటాను కంపెనీయే ‘ఫెయిర్ మార్కెట్ వాల్యూ’కి, అంటే అప్పటి మార్కెట్ ధరకి, తిరిగి కొంటుంది. ఆ విలువ ఎవరు కడతారు? వాళ్లే. అభ్యంతరం ఉంటే మా ఖర్చుతో బయటి మదింపుదారుణ్ణి పెట్టుకోవచ్చు, ఆ మదింపుదారు కూడా వాళ్లు ఒప్పుకున్నవాడై ఉండాలి. అలా కట్టిన విలువలోంచి 7 శాతం రీమార్కెటింగ్ ఫీజు, అంటే వాటాను మళ్లీ ఇంకొకరికి అమ్మే ఖర్చు కింద, తీసేశారు. మేం నూరు పెట్టిన చోట చేతికొచ్చింది నలభై ఒకటి. మిగతా యాభై తొమ్మిదిని ఐదేళ్ల గంటల మీద పంచితే గంట రేటు ఎంతయ్యిందో ఇక్కడ రాయలేను, మా డైరెక్టర్లు చదివితే నా ఉద్యోగం ఉండదు.

మాకైనా ఆ నలభై ఒకటి వచ్చింది. అవంటెయిర్ వాటాదారుల సంగతి ఇంకా ఘోరం. అమెరికాలో పియాజియో అవంతి విమానాల్లో వాటాలు అమ్మిన కంపెనీ అది, 2013లో ఉన్నట్టుండి మూతపడింది. వాటాదారులు వెళ్లి చూసుకుంటే తమ విమానాల విడిభాగాలు కొన్ని ఊడదీసి వేరేవాటికి బిగించి ఉన్నాయి. ఏ భాగం ఎక్కణ్ణుంచి వచ్చిందో రికార్డు సరిగ్గా లేని విమానానికి విలువ ఏముంటుంది? ముందే గంటలు కొనిపెట్టుకునే జెట్ కార్డుల్లో ఇంకో ప్రమాదం. 2020 ఏప్రిల్‌లో జెట్‌సూట్ అనే అమెరికా కంపెనీ విమానాలు ఆపేసి దివాలా కోర్టుకెళితే, ముందే డబ్బు కట్టినవాళ్లు మామూలు అప్పులవాళ్ల వరుసలో నిలబడాల్సి వచ్చింది. కార్డు తీసుకునేవాళ్లు ఒకటే అడగండి: మేం కట్టిన డబ్బు ఎస్క్రోలో, అంటే మీరు ముట్టుకోలేని ఖాతాలో, విడిగా ఉంటుందా, లేక మీ రోజువారీ ఖర్చుల్లో కలిసిపోతుందా? సూటిగా జవాబు రాకపోతే ఇంకేమీ అడగక్కర్లేదు.

వాటా గడువు అయిపోతుండగా ఇంకో పెద్దమనిషి వచ్చి సొంతంగా ఒక పాత లైట్ జెట్ కొనమన్నాడు. ఖాళీ రోజుల్లో చార్టర్‌కిస్తే ఖర్చులన్నీ తిరిగొస్తాయని అరచేతిలో వైకుంఠం చూపించాడు. ఏనుగును కొనడం ఒక లెక్క, మేపడం ఒక లెక్క అని అప్పటికి నాకు బాగా అర్థమైంది. ఇద్దరు పైలట్లను పెడితే ఒకరికి జ్వరం వచ్చిన రోజు విమానం కదలదు, కాబట్టి మూడో మనిషి గురించి ఆలోచించాలి. వాళ్లకు టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడిపే అర్హత, క్రమం తప్పకుండా సిమ్యులేటర్ శిక్షణ. ఇంజిన్లకు గంటకింతని విడిగా దాచాలి, లేకపోతే ఓవర్‌హాల్, అంటే ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేసే పని, వచ్చిన రోజు గుండె ఆగుతుంది. చార్టర్‌కిచ్చిన ప్రతి గంటా మన ఇంజిన్ మీదే అరుగుతుంది, పైగా గిరాకీ ఉండే రోజులూ మనకు కావలసిన రోజులూ ఒకటే.

బ్రోషర్‌లో రాసే రేంజ్, అంటే ఆగకుండా వెళ్లగలిగే దూరం, కూడా నమ్మకండి. అది నలుగురైదుగురు ప్రయాణికులతో, అనుకూల వాతావరణానికి వేసిన లెక్క. సీట్లన్నీ నింపి, సామాన్లు ఎక్కించి, ఎదురుగాలి తగిలితే మధ్యలో దిగి ఇంధనం పోయించుకోవాలి. ఎండ మండే మధ్యాహ్నం, ఎత్తయిన చోట ఉన్న చిన్న రన్‌వే మీంచి అయితే పూర్తి బరువుతో లేవనే లేవకపోవచ్చు. మా ఫ్యాక్టరీ దగ్గరి రన్‌వే పొడవు చెప్పి, వేసవి మధ్యాహ్నం ఆరుగురితో లేస్తుందని రాసివ్వమన్నాను. ఆయన మళ్లీ ఫోన్ చేయలేదు.

ఈ రంగంలో ఒక మోటు లెక్క చెబుతారు: ఏడాదికి 50 గంటల లోపు అయితే చార్టర్, 50 నుంచి 200 దాకా వాటా, అంతకు చాలా పైన అయితేనే సొంతం. లెక్క తప్పేం కాదు. కానీ అందులో గంట అంటే బిల్లు గంటా, గాల్లో గంటా అని ఎవరూ చెప్పరు. సరిగ్గా ఆ సరిహద్దు మీద ఉన్నవాళ్లే మాలాగా బోల్తా పడేది. పోయిన రెండేళ్ల ప్రయాణాలు ఒక్కొక్కటిగా రాసుకుని, వాటాలో ఎంత పడేదో, చార్టర్‌లో ఎంత పడేదో, ఒక్కో దానికీ బిల్లు మీరే వేసి చూడండి. అమ్మేవాడి షీట్ వద్దు.

మేం మళ్లీ చార్టర్‌కే వచ్చాం, ఈసారి కళ్లు తెరుచుకుని. బ్రోకర్‌తో మాట్లాడినా విమానం నడిపేది ఎవరో పేరు అడుగుతాం, వాళ్ల ఏఓసీ, అంటే డబ్బు తీసుకుని ప్రయాణికుల్ని ఎక్కించుకునే అనుమతి, కాపీ తెప్పించుకుంటాం. మేం ఎక్కబోయే విమానం నంబరు అందులో ఉందా లేదా చూస్తాం. చౌకగా వస్తుందని తెలిసినవాళ్ల విమానం ఎక్కేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. 2019 జనవరిలో ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా చనిపోయిన విమానం నడిపినాయనకు డబ్బు తీసుకుని మనుషుల్ని తిప్పే లైసెన్సే లేదు, రాత్రి నడిపే అర్హతా లేదు. ఆ ప్రయాణం ఏర్పాటు చేసిన వ్యక్తికి 2021లో 18 నెలల జైలు పడింది. అలాంటి ప్రయాణంలో ఏమైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయడానికి అవకాశం ఎక్కువ. ఇక ‘సమానమైన విమానం’ అన్న చోట ఇప్పుడు ‘జెట్ మాత్రమే, సీట్లు ఇన్నికి తగ్గకుండా, లేకపోతే డబ్బు వాపస్’ అని చేత్తో రాసి సంతకం పెట్టించుకుంటున్నాం. అడిగితే చాలామంది ఒప్పుకుంటున్నారు. ఆ మొదటి రోజే ఇది అడిగి ఉంటే వాటా దాకా వెళ్లేవాళ్లమే కాదేమో.

ఇప్పటికే వాటా తీసుకున్నవాళ్లు ఈ రోజే ఒప్పందం తీసి, గడువు తీరడానికి ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలో చూడండి. మాది 90 రోజులు. మేం 71 రోజుల ముందు ఇచ్చాం. దానంతటదే ఆరు నెలలు పొడిగింపు అయిపోయింది, ఆ ఆరు నెలల మేనేజ్‌మెంట్ ఫీజు పోగా వచ్చిందే నేను పైన చెప్పిన నలభై ఒకటి.