మ్యూజిక్ వీడియోనా, డాన్స్ వీడియోనా?

నలుగురు అమ్మాయిల కొరియన్ పాప్ బృందం బ్లాక్‌పింక్ పాడిన ‘హౌ యు లైక్ దట్’ పాటకు రెండు వీడియోలున్నాయి. 2020 జూన్ 26న మ్యూజిక్ వీడియో వచ్చింది, జూలైలో డాన్స్ పెర్ఫార్మెన్స్ వచ్చింది. రెండూ యూట్యూబ్‌లో 100 కోట్ల వ్యూస్ దాటాయి.

మ్యూజిక్ వీడియో అంటే పండగే. కళ్లు చెదిరే సెట్లు, సీన్ సీన్‌కీ మారే బట్టలు! కొరియా సంప్రదాయ దుస్తులైన హాన్‌బోక్‌ను కొత్త పద్ధతిలో కుట్టించి వేసుకున్నారే, అక్కడ పాజ్ చేసి చూడాల్సిందే. కొత్తవాళ్లకు కేపాప్ (కొరియన్ పాప్ సంగీతం) రుచి చూపించాలంటే నేను ముందు ఇదే పెడతాను.

కానీ నా ఓటు డాన్స్ వీడియోకే. వెనక గులాబీ రంగు గోడ తప్ప ఇంకేం లేదు. తల నుంచి కాలి దాకా నలుగురూ ఒకేసారి కనిపిస్తారు. మ్యూజిక్ వీడియోలో కట్స్ ఎక్కువ కాబట్టి ఎవరు ఎటు కదిలారో అర్థమయ్యేలోపే షాట్ మారిపోతుంది. ఇక్కడ ఒకరు ముందుకొస్తుంటే మిగతావాళ్లు ఎంత ఒడుపుగా పక్కకు తప్పుకుంటారో తెలుస్తుంది. నలుగురిలో ఒకరైన లీసా భుజం విరుపు చూడండి, బీట్ కంటే వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కాదు! చివర్లో మిగతా డాన్సర్లు వచ్చి చేరేసరికి ఒళ్లు గగుర్పొడుస్తుంది.

స్టెప్పులు నేర్చుకోవాలనుకునేవాళ్లయితే రెండో ఆలోచన లేకుండా డాన్స్ వీడియోనే పెట్టుకోండి, స్పీడ్ తగ్గించి మరీ.